మర్దనశాలలో మాట, మౌనము

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు ప్రక్కనే నిజామియా వైద్యాలయము కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున వెలసిన ఆ కట్టడములో నేటికిని యునానీ చికిత్స జరుగుచున్నది. యునానీ వైద్యుడు రోగమును నాలుగు విధముల ఎదుర్కొనును: ఆహారముతో, ఔషధముతో, శస్త్రముతో, తద్బీరుతో. తద్బీరనగా స్నానము, వ్యాయామము, హిజామా మొదలగు ఉపాయములు. అందు మర్దనమునకు దల్క్ అని పేరు.

ఇబ్న్ సీనా సుమారు 1025లో ముగించిన 'కానూన్' అను గ్రంథములో దల్క్ భేదములు కానవచ్చును. గట్టి మర్దనము అవయవమును దృఢపరచును, మెత్తనిది సడలించును, దీర్ఘకాలము సాగినది ఒడలిని కరగించును. మరి ఏ రోగికి ఎంత గట్టి? చేయి ఒక్కటే దీనిని తేల్చలేదు. బల్లమీద పడుకొన్నవాని నోరు కూడ తోడు రావలెను.

అయితే ఏ మాట? తలకు నూనె పట్టించుకొనుచు ఊరివార్తలు వినుట మనకు పాత అలవాటు. మాలిషు చేయువాడు ముచ్చట విప్పనిచో డబ్బు దండుగయని తలచువారును లేకపోలేదు! కాని మాటాడునపుడు ఊపిరి ముక్కలు ముక్కలుగా తెగును. దవుడ, గొంతు, మెడ కండరములు పనిలోనే యుండును. మెడనొప్పికై వచ్చినవాడు తల త్రిప్పి త్రిప్పి కబుర్లు చెప్పుచుండిన, సడలించు చేతికిని బిగించు నాలుకకును పోరు తప్పదు. రోమములున్న చర్మములో నెమ్మదియైన స్పర్శను గుర్తించు నాడీతంతువులు కలవనియు, సెకనుకు 1 నుండి 10 సెంటీమీటర్ల వేగముతో నిమిరినపుడు అవి బాగుగా స్పందించుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అంత సన్నని వార్తను వినుటకు కొంత నిశ్శబ్దము మేలు.

అట్లని ఊరకున్నవారందరును సుఖముగా నున్నట్లు కాదు. నల్లగొండ నుండి వచ్చిన ముసలమ్మను ఉర్దూలో ప్రశ్నించినచో "దర్ద్" అని ఒక్క మాటతో సరిపెట్టును. పెద్దల ఎదుట "అబ్బా" యనుట మర్యాద కాదని పండ్లు బిగబట్టును. ఇంటికి పోయి కోడలితో చెప్పునపుడు మాత్రము ఆమెకు మాటల కరవు లేదు: నడుము పీకుచున్నది, మోకాలు సలుపుచున్నది, పిక్క గుంజుచున్నది, మెడ పట్టివేసినది, అరికాలు మొద్దుబారినది. పైపైన చూచినచో ఇవన్నియు నొప్పికి పర్యాయపదములుగా తోచును. మర్దించు చేతికి మాత్రము ఒక్కొక్కటియు వేరు వేరు కబురు. పట్టివేసిన మెడకు మెత్తని చేయి హాయి నీయవచ్చును. మొద్దుబారిన అరికాలు మధుమేహము వలన నాడులు చెడినది కావచ్చును. అట్టి కాలికి నూనె కాలినను తెలియదు. ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చబడి, నొచ్చుచున్నచో సిరలో రక్తము గడ్డకట్టి యుండవచ్చును. దానిని మర్దించినచో గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణమే తీయవచ్చును. అట్టి కాలును ముట్టక ముందే డాక్టరుకు చూపవలెను. ఆమె బిడియమునకు ఇంత వెల యున్నదని ఆమె కెవరు చెప్పిరి?

కనుక ముందుగా నోరు తెరువవలసినవాడు మర్దకుడే. రోగి పడుకొనక ముందే వాపు, తిమ్మిరి, మధుమేహము, పాత దెబ్బలు అన్నియు అడిగి తెలిసికొనవలెను. ఉర్దూ రానివారికి తెలుగు తెలిసిన మనిషిని తోడు నిలుపవలెను. బోర్ల పడుకొన్నవారికి మాట సరిగా పెగలదు గనుక, నొచ్చినపుడు వ్రేలెత్తుమని ముందే చెప్పుట మంచిది. ఆ పిమ్మట కందిపప్పు ధర, ఎన్నికల ఫలితము ఎత్తకుండుటయే మేలు. బల్లమీదివాడు లేచి పోలేడు గదా!

ఒక్కొక్కప్పుడు ఇల్లు ఖాళీయైన వృద్ధుడు వచ్చును. అతని భుజముపై మరియొక మనిషి చేయిపడి ఎన్నాళ్లయినదో! చేయి సోకగానే అతడు కొడుకుల సంగతి మొదలుపెట్టును. అతనిని ఊరకుండుమనరాదు. జవాబు చెప్పకున్నను సరే, వినుచున్నట్లు "ఊఁ" అనిన చాలును.

పాతబస్తీ దక్కనీలో "హల్లు" అనగా మెల్లగా అని అర్థము. నల్లగొండ ముసలమ్మకు ఉర్దూ అంతయు రానక్కరలేదు. ఆ ఒక్క మాట అనగానే, లేదా ఆమె "మెల్లగా నాయనా" అని తన తెలుగులోనే అనగానే, చేయి తేలికపడవలెను.