దెబ్బ ఏ రిజిస్టరుకెక్కింది?

హిందూపురం దగ్గర తూముకుంట పారిశ్రామికవాడకు, 2019 నుంచి కార్లు తయారవుతున్న పెనుకొండ వైపుకు పనికి పోయేవాళ్ళను మేము మొదట అడిగేది ఒకటే: దెబ్బ తగిలితే ఎవరు రాసుకుంటారు?

భద్రతా సర్టిఫికెట్ సంగతి ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి. 2018లో వచ్చిన ఐఎస్ఓ 45001 ఎవరికీ దెబ్బ తగలదని హామీ ఇవ్వదు. ప్రమాదాన్ని ముందే గుర్తించే, తగిలిన దెబ్బకు కారణం వెతికే పద్ధతి ఉందని బయటి ఆడిటరు చూసి ఇచ్చే కాగితం అది. పనికిరానిదని మేము అనడం లేదు. దీనికి ముందున్న ఓహెచ్ఎస్ఏఎస్ 18001 తీసుకున్న అమెరికా సంస్థల్లో గాయాలు, జబ్బులు సుమారు 20 శాతం తగ్గాయని పరిశోధకులు తేల్చారు. అయితే తగ్గింది రిజిస్టరుకెక్కిన లెక్క.

ఎక్కనివాళ్ళ మాటేమిటి? లోడింగులో మా నాయన వేలు నలిగితే మేస్త్రీ కట్టు కట్టించి ఇంటికి పంపాడు, మర్నాడు ఇంకొకర్ని పిలుచుకున్నాడు. కార్ఖానా లెక్కలో ఆ రోజు ప్రమాదమే లేదు. మేము చూసినంతలో మాల, మాదిగ వాడల నుంచి పోయేవాళ్ళకు దొరికేవి లోడింగు, తుక్కు, ట్యాంకు శుభ్రం వంటి కాంట్రాక్టు పనులే. ప్రమాణం కాంట్రాక్టు కూలీలనూ కలుపుకోమంటుంది. కలుపుకున్నారో లేదో చూడ్డానికి వాళ్ళ పేరు ముందు కాగితం మీద ఉండాలి గదా!

ధర్మవరంలో గుంటమగ్గం మీద ఇంట్లో నేసేవారి నడుం పోతే అది ప్రమాదం కిందికే రాదు. కరెంటు మగ్గం నుంచి ఎగిరిన నాడె కంటికి తగిలితే? 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడేచోట 10 మంది ఉంటే వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కోడ్ దాన్ని 20 చేసింది. 15 మంది షెడ్డు ‘సంస్థ’గా కోడ్ కింద ఉంటుంది, ఫ్యాక్టరీగా మాత్రం కాదు. నలుగురితో నడిచే షెడ్డు మామూలుగా ఈ రెంటిలోనూ లేదు.