నోరు తిరగని వయసులో పిల్లల మాట

రెండేళ్ల పిల్లవాడు కాకిని చూపించి ‘తాతి’ అంటాడు. గది ‘దది’ అవుతుంది, రొట్టె ‘లొట్టె’ అవుతుంది, మరో పిల్లవాడి నోట స్కూలు ‘కూలు’ అవుతుంది. ఇది మొండితనం కాదు, బద్ధకమూ కాదు. క, గ పలకాలంటే నాలుక వెనక భాగం లేచి అంగిలికి ఆనాలి. త, దలకు నాలుక కొన పళ్లను తాకితే చాలు. పసివాళ్లకు ముందు పెదవులు, తర్వాత నాలుక కొన స్వాధీనమవుతాయి. తెలుగు ఇళ్లలో అమ్మ, బువ్వ, పాప, తాత వంటివి తొలిమాటలయ్యేది అందుకే. గాలిని సన్నగా వదిలి పలికే స, శ, నాలుక మడిచి పలికే ళ, ణ, కొన అదిరించి పలికే ర, ఆపైన సంయుక్తాక్షరాలు నిదానంగా వస్తాయి. కొందరికి ఇవన్నీ కుదిరేసరికి ఐదారేళ్లు నిండుతాయి. ఇంట్లో పెద్దలే ళను లగా, ణను నగా పలికే చోట పిల్లలకూ అదే అబ్బుతుంది. దాన్ని లోపంగా లెక్కగట్టకూడదు.

పలకలేకపోయినా, పిల్లల చెవి తేడాను చాలావరకు పట్టేస్తుంది. పిల్లల భాషను పరిశోధించిన జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ 1960లో ఒక పిల్లవాడి ముచ్చట రాశారు. అతడు తన బొమ్మ చేపను ‘ఫిష్’ అనలేక ‘ఫిస్’ అనేవాడు. పెద్దవాళ్లు కూడా ‘ఫిస్’ అంటే మాత్రం ఒప్పుకోలేదు. ‘ఫిష్’ అన్నాకే అవునన్నాడు. అందుకే ముద్దొస్తోందని ఇంటిల్లిపాదీ కాకిని ‘తాతి’ అనడం పిల్లవాడికి మేలు చేయదు. రాగం తీస్తూ, సాగదీస్తూ మాట్లాడితే మంచిదే. అలా పలికినప్పుడు పిల్లలు చెవి ఒగ్గి వింటారు. బువ్వ, లాల, జోజో వంటి మాటలతోనూ ఇబ్బంది లేదు.

ఎక్కువ ఇళ్లలో పొరపాటు జరిగేది దిద్దడం దగ్గరే. ‘తాతి కాదు, కాకి అను, ఏదీ మళ్లీ అను’ అని వచ్చినవాళ్ల ముందు నిలబెట్టి అడిగితే పిల్లవాడు బిక్కమొహం వేస్తాడు, నాలుగుసార్లు అలా జరిగితే నోరు విప్పడమే మానేయవచ్చు. అదే ‘తాతి’ అనగానే తల్లి అతని కళ్లకెదురుగా కూర్చుని, ‘అవును నాన్నా, కాకి! నల్ల కాకి. అదిగో, కాకి ఎగిరిపోయింది’ అంటే సరైన మాట మూడుసార్లు చెవిన పడుతుంది. తిరిగి అనమని అడగనక్కర్లేదు. తప్పన్న మాటే రాలేదు కాబట్టి కబురు ముందుకు సాగుతుంది. పిల్లవాడు ‘పాలు’ అంటే ‘వేడి పాలు కావాలా?’ అని ఒక మాట చేర్చి అందించాలి. వేలు చూపించగానే అన్నీ చేతికిచ్చేయకుండా, ‘అరటిపండా, బిస్కెట్టా?’ అని అడిగి కాసేపు ఆగాలి. ఆ ఆగడం పెద్దలకు కష్టంగానే ఉంటుంది. కానీ పిల్లలకు మాట వెతుక్కోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది.

ఉచ్చారణ తేడా వేరు, మాటలే రాకపోవడం వేరు. ఏడాది నిండే వేళకు తొలిమాట, రెండేళ్లకు యాభై వరకు మాటలు, ‘అమ్మా రా’, ‘పాలు కావాలి’ వంటి జంటమాటలు రావడం మామూలు. మూడేళ్లకు కొత్తవాళ్లకు కూడా చాలావరకు అర్థం కావాలి. తొమ్మిది పది నెలలకీ బాబాబా, దాదాదా అనకపోయినా, ఏడాదికి వేలితో చూపించకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు జంటమాటలు రాకపోయినా డాక్టరుకు చూపించాలి. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా ఆలస్యం చేయకూడదు. ‘వాళ్ల మేనమామకీ ఆలస్యంగానే వచ్చాయి’ అంటూ గడిపేసే నెలలు తిరిగి రావు.

మాటలు ఆలస్యమైతే మొదట చూడాల్సింది చెవి. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడ్డాడు కాబట్టి వినికిడి బాగుందనుకోవడం ప్రమాదం. పెద్ద చప్పుళ్లు వినబడుతూ, స, శ వంటి సన్నని ధ్వనులు మాత్రం అందని పిల్లలున్నారు. జలుబు తర్వాత చెవిలో నీరు నిలిచినా వినికిడి మందగిస్తుంది. వినికిడిని కొలిచే ఓఏఈ, బెరా పరీక్షలకు పిల్లల జవాబు అక్కర్లేదు, నిద్రలోనే చేయవచ్చు. నాలుక కింద తీగ అంటుకుని ఉండటం పాలు తాగడానికి అడ్డు కావచ్చు, మాటలు ఆలస్యం కావడానికి మాత్రం సాధారణంగా కారణం కాదు. మాటలు రావాలని నాలుకకు వస అరగదీసి రాయడం మనకు పాత అలవాటే. కానీ అందులోని బీటా అసరోన్ అనే రసాయనం హానికరమన్న కారణంతో అమెరికా 1968లోనే ఆహారంలో వసను నిషేధించింది. పసినోటికి దూరంగా ఉంచడమే మేలు.

రెండు భాషలు వింటే మాటలు ఆగిపోతాయన్న భయంతో హైదరాబాదులోనూ, అమెరికాలోనూ కొన్ని కుటుంబాలు తెలుగు మానేస్తున్నాయి. ఇది అనవసరమైన నష్టం. రెండు భాషలు ఆలస్యానికి కారణం కావు, ఎన్ని మాటలు వచ్చాయో లెక్కించేటప్పుడు రెంటి మాటలనూ కలిపి చూడాలి. తల్లిదండ్రులకు అలవోకగా వచ్చే భాషలోనే పిల్లలకు ఎక్కువ మాటలు అందుతాయి. అడ్డుకోవాల్సింది ఫోనును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు, ఆపైన ఐదేళ్లలోపు రోజుకు గంట మించకూడదు. తెర పిల్లవాడి మాట విని బదులివ్వదు.

ఇక సాయం దొరికే చోట్లు. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో పిల్లల ఎదుగుదలను పరీక్షిస్తాయి. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తాయి. అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. స్పీచ్ థెరపిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడిగి తెలుసుకోవచ్చు. ఈ వయసు పిల్లలకు థెరపీ అంటే ఆటే. బుడగలు ఊదడం, బొమ్మకు అన్నం పెట్టడం వంటి వాటి మధ్యే మాటలు పలికిస్తారు. వారానికి ఒకటి రెండు గంటలే అక్కడ గడుస్తాయి కాబట్టి, తల్లిదండ్రులు పక్కన కూర్చుని ఆ తీరు నేర్చుకుని, స్నానం చేయించేటప్పుడూ అన్నం తినిపించేటప్పుడూ అదే పాటిస్తే మార్పు తొందరగా కనిపిస్తుంది.