స్నేహలేపనం

సంస్కృతంలో 'స్నేహం' అనే పదానికి రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి ఆప్యాయత, రెండోది జిడ్డు. తెలుగువారు లోకవ్యవహారంలో మొదటి అర్థాన్నే నిలుపుకొన్నారు. ఆయుర్వేదం మాత్రం రెండో అర్థాన్ని నేటికీ విడిచిపెట్టలేదు. నెయ్యి, నూనె, వస, మజ్జ అనే నాలుగింటిని ఆ శాస్త్రం మహాస్నేహాలుగా పేర్కొంది. వస అంటే మాంసంలోని కొవ్వు, మజ్జ అంటే ఎముకలలోని మూలుగ. తెలుగులోని 'నూనె' అనే మాట కూడా మొదట 'నువ్వుల నెయ్యి' అనే అర్థంలో పుట్టిందే. కాలక్రమంలో కొబ్బరినూనె, వేరుశనగనూనె అంటూ నువ్వులతో ఏ సంబంధమూ లేని వాటికి కూడా ఆ పేరు వ్యాపించింది. ఈ స్నేహద్రవ్యాలను ఒంటికి పట్టించి చర్మాన్ని మృదువుగా ఉంచుకోవడం తెలుగునాట తరతరాల అలవాటు. భోగినాడూ, నరకచతుర్దశినాడూ చేసే అభ్యంగనస్నానం ఆ అలవాటుకు పండుగ రూపం.

నేడు అనేక గృహాలలో ఆ పనిని అంగడి క్రీములు చేస్తున్నాయి. వాటిలో ఏమేమి కలిపారో తెలియదన్న శంకతో కొందరు, ఖరీదు భారమై మరికొందరు ఇంట్లోనే క్రీము తయారుచేసుకోవాలని కోరుకుంటారు. ఇది అసాధ్యమైన పనేమీ కాదు. ఒక పొయ్యి, రెండు గిన్నెలు, చిన్న కవ్వం, గ్రాములు చూపే తూకం ఉంటే చాలు. అయితే, క్రీము చర్మానికి చేసే మేలేమిటో ఎరగకుండా తయారీకి పూనుకొన్నవారికి కంటబడిన ప్రతి వస్తువునూ అందులో కలపాలనిపిస్తుంది. చేసినది ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎందుకు చెడిపోతుందో తెలియదు. పసిపిల్లల ఒంటికీ, పగిలిన పెదవులకూ రాసే పదార్థం విషయంలో ఇటువంటి అజ్ఞానం ప్రమాదకరం.

చర్మపు పైపొర గోడ వంటిది. జీవం ఉడిగిన కణాలు అందులో ఇటుకలు. వాటి సందులను పూడ్చే కొవ్వు పదార్థాలు అడుసు. సెరమైడులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన ఈ అడుసే ఒంట్లోని నీటిని బయటికి పోనీయకుండా, బయటి సూక్ష్మజీవులను లోపలికి రానీయకుండా కాపలా కాస్తుంది. అరచేతులు, అరికాళ్లు మినహాయిస్తే ఈ పొర మందం కాగితం మందం కన్నా ఎంతో తక్కువ. అంత పలుచని గోడ గుండా కొంత నీరు ఎల్లవేళలా ఆవిరి అవుతూనే ఉంటుంది. మార్గశిర, పుష్య మాసాలలో గాలిలో తేమ తగ్గినప్పుడు ఆ నష్టం పెరుగుతుంది. దానికి తోడు చలికి వెరచి బాగా కాగిన నీళ్లతో స్నానం చేయడం, రెండుపూటలా సబ్బు రుద్దుకోవడం అడుసును కరిగిస్తాయి. గోటితో గీస్తే తెల్లని చార పడే ఒళ్లు, చిట్లిన పెదవులు, పగిలిన మడమలు ఆ నష్టానికి గుర్తులు. అరికాళ్లలో తైలగ్రంథులు లేవు. కనుకనే మడమలు తొందరగా పగులుతాయి. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యను చెబుతూ తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా నూనె పట్టించాలని విధించడం ఇక్కడ స్మరించదగినది.

క్రీము చర్మానికి ఆహారం పెడుతుందనీ, రంగు తెస్తుందనీ ప్రకటనలు చెప్పే మాటలను విశ్వసించనవసరం లేదు. అది చేసే మేలు ఇంతకన్నా నిరాడంబరమైనది. మైనం, నెయ్యి వంటివి చర్మంపై పలుచని తెరలా పరచుకొని నీరు ఆవిరి కాకుండా ఆపుతాయి. నూనెలు ఎండిన కణాల సందులలో చేరి గరుకుదనాన్ని పోగొడతాయి. గ్లిజరిన్ వంటివి తేమను ఆకర్షించి పట్టి ఉంచుతాయి. చర్మాన్ని మెత్తగా ఉంచేది నీరే; క్రీము ఆ నీటిపై మూత.

ఆ మూత విలువ ఎంతటిదో బంగ్లాదేశ్‌లో జరిగిన ఒక పరిశోధన నిరూపించింది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల చర్మం పూర్తిగా రూపొంది ఉండదు. ఆ బలహీనమైన గోడను దాటి సూక్ష్మజీవులు సులభంగా శరీరంలో ప్రవేశిస్తాయి. ఢాకా శిశు వైద్యశాలలో అటువంటి శిశువులకు వైద్యుల పర్యవేక్షణలో క్రమం తప్పకుండా పొద్దుతిరుగుడు నూనె పట్టించారు. నూనె పట్టించని శిశువులతో పోలిస్తే ఆసుపత్రిలో సోకే అంటువ్యాధుల ముప్పు వారికి 41 శాతం తక్కువగా ఉన్నట్లు 2005లో ప్రకటించారు. అన్ని నూనెలూ ఇంతటి మేలు చేయవు. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు అడుసును చెదరగొడతాయని ఇతర పరిశోధనలలో తేలింది. లినోలెయిక్ ఆమ్లం సమృద్ధిగా ఉన్న పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు చర్మానికి అనుకూలమైనవి. నువ్వుల నూనెలోనూ ఈ ఆమ్లం తగినంత ఉంది. పైగా దానిలో సహజంగా ఉండే సెసమాల్ వంటి పదార్థాల వల్ల అది త్వరగా పాతబడదు.

ఇక క్రీము అంటే ఏమిటో తెలుసుకోవడానికి ప్రయోగశాలకు వెళ్లనక్కరలేదు. చల్లకుండ వద్దకు వెళితే చాలు. నూనె, నీరు సహజంగా కలవవు. ఒకదానిలో మరొకదాన్ని కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా చెదరగొట్టి, అవి మళ్లీ ఒకటి కాకుండా నిలిపితే ఏర్పడేదాన్ని ఎమల్షన్ అంటారు. పాలు అటువంటి మిశ్రమమే. అక్కడ నీటిలో కొవ్వు బిందువులు తేలుతుంటాయి. మీగడను చిలికినప్పుడు ఆ అమరిక తలకిందులవుతుంది. కొవ్వు బిందువులు ఒకదానితో ఒకటి కలిసి ముద్ద కడతాయి. నీరే బిందువులుగా మారి ఆ ముద్దలో చిక్కుకొంటుంది. అదే వెన్న. చూపుకు కొవ్వు ముద్దలా ఉన్నా, 100 గ్రాముల వెన్నలో దాదాపు 16 గ్రాముల నీరు ఉంటుంది. ఆ వెన్నను బయట ఉంచితే కొద్ది రోజులలోనే వాసన వేస్తుంది. దాన్నే కాచి, చిటపటలాడుతున్న నీరంతా పోయేదాకా మరిగిస్తే నెయ్యి అవుతుంది. నెయ్యి నెలల తరబడి చెడదు. సూక్ష్మజీవులు పెరగడానికి నీరు కావాలి. నెయ్యిలో అది లేదు. వెన్నకూ నెయ్యికీ ఉన్న ఈ భేదమే ఇంట్లో చేసే చర్మలేపనాలకూ వర్తిస్తుంది. నీరు కలిసినది వెన్నలా హాయిగా, తేలికగా పరచుకొంటుంది కాని నిలవదు. నీరు లేనిది నెయ్యిలా నిలుస్తుంది కాని కొంచెం జిడ్డుగా ఉంటుంది. రెండు సుగుణాలూ ఒకే సీసాలో ఉండాలంటే సూక్ష్మజీవులను అరికట్టే నిల్వ పదార్థాలు తప్పవు. అంగడి క్రీములలో వాటిని కలిపేది ఇందుకే.

పూర్వులకు ఈ రెండు మార్గాలూ తెలుసు. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దంలో రోము నగరంలో పేరుగాంచిన గ్రీకు వైద్యుడు గేలన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీనీరు కలిపి ఒక లేపనం చేశాడని ప్రతీతి. ఒంటికి రాసినప్పుడు అందులోని నీరు ఆవిరై చల్లదనం కలిగించడం వల్ల ఆ జాతి లేపనాలకు కోల్డ్ క్రీము అన్న పేరు స్థిరపడింది. మన దేశంలో చరకసంహిత శతధౌత ఘృతాన్ని పేర్కొంది. ధౌతం అంటే కడిగినది. ఆవునెయ్యిని రాగి పాత్రలో వేసి, నీరు పోసి, అరచేతితో బాగా మెదిపి, ఆ నీటిని వంచి, మళ్లీ కొత్త నీరు పోసి మెదుపుతారు. ఇలా నూరుసార్లు చేసేసరికి పసుపు వన్నె నెయ్యి తెల్లబడి, పలుకుతనం పోయి, వెన్నకన్నా మెత్తని ముద్ద అవుతుంది. నెయ్యి వాసన కూడా దాదాపు పోతుంది. నీరు లేని నెయ్యిలోకి మళ్లీ నీటిని ఎక్కించే ఈ ప్రక్రియ, వెన్న కాచే ప్రక్రియకు సరిగ్గా విలోమం. ఒళ్లు మంట పుట్టే వ్యాధులలో దీన్ని పూతగా వాడేవారు. నూరుసార్లు లెక్క తప్పకుండా కడగాలంటే ఎంతటి ఓర్పు ఉండాలో ఊహించవచ్చు!

ఇంట్లో మొదటిసారి ప్రయత్నించేవారికి నీరు లేని లేపనమే శ్రేయస్కరం. 60 గ్రాముల నువ్వుల నూనె, 25 గ్రాముల కొబ్బరినూనె, 15 గ్రాముల శుద్ధమైన తేనెమైనం తీసుకోవాలి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. చలికాలంలో సీసాలో గడ్డకట్టి ఎండకోసం ఎదురుచూసే ఆ నూనె మే నెలలో నీళ్లలా కదులుతుంది. కాబట్టి దాన్ని మాత్రమే నమ్ముకొంటే లేపనానికి నిలకడ ఉండదు. తేనెమైనం కరగడానికి 62 నుండి 64 డిగ్రీల వేడి కావాలి. లేపనానికి గట్టిదనం ఇచ్చేది అదే. ఎండలు మెండుగా ఉన్న చోట మైనాన్ని 20 గ్రాములకు పెంచి, కొబ్బరినూనెను ఆ మేరకు తగ్గించుకోవచ్చు. మైనాన్ని నేరుగా మంటపై పెట్టరాదు. వెడల్పు గిన్నెలో నీరు మరిగిస్తూ, అందులో ఉంచిన చిన్న గిన్నెలో ముందు మైనాన్ని, తర్వాత నూనెలను వేసి కరిగించాలి. పై గిన్నెలోకి నీటిచుక్క చిందకుండా చూసుకోవాలి. అంతా తేటబడిన తర్వాత, మరిగే నీటిలో పది నిమిషాలు ఉంచి తడి లేకుండా ఆరబెట్టిన గాజుసీసాలో పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. మూత ముందే పెడితే ఆవిరి లోపలే నీరుగా మారి లేపనంలో చేరుతుంది. ఎండ తగలని చోట ఉంచితే ఇది కొన్ని నెలలు చెడకుండా ఉంటుంది.

నీరు కలిపిన క్రీము చేయదలచినవారు కొద్దికొద్దిగానే చేసుకోవాలి. 60 గ్రాముల నువ్వుల నూనెలో 12 గ్రాముల తేనెమైనాన్ని పై విధంగానే కరిగించాలి. వేరొక గిన్నెలో, కాచిన 25 గ్రాముల నీటికి అర చెంచా గ్లిజరిన్ కలపాలి. కలిపే సమయానికి రెండు గిన్నెలూ ఒకే వేడిలో, ఇంచుమించు 70 డిగ్రీల వద్ద ఉండాలి. ఈ పనిలో నేర్పంతా ఇక్కడే ఉంది. చల్లని నీరు తగిలితే మైనం ఒక్కసారిగా బిరుసెక్కి పలుకులు కడుతుంది. పొయ్యి మీద నుంచి దించిన నూనెలో ఒక్కొక్క చుక్కే నీరు వదులుతూ ఆపకుండా చిలకాలి. నీరంతా ఇంకిన తర్వాత కూడా మిశ్రమం గోరువెచ్చబడేదాకా చిలుకుతూనే ఉండాలి. తేటగా ఉన్నది క్రమంగా పాలవలె తెల్లబడి, చిక్కబడి క్రీము అవుతుంది. నీటిని, నూనెను కలిపి ఉంచే శక్తి తేనెమైనానికి పరిమితంగానే ఉంది. కొన్నాళ్లకు అంచుల వెంట నీటిచుక్కలు ఊరితే ఆశ్చర్యపడనక్కరలేదు. ఈ క్రీమును ఫ్రిజ్‌లో ఉంచి వారంలోగా వాడుకోవాలి.

సహజమైనదంతా నిరపాయకరం అనుకోవడం వల్ల జరిగే పొరపాట్లు ఎన్నో. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి బొబ్బలెక్కే ప్రమాదముంది. ఆరోగ్యవంతమైన చర్మం కొద్దిగా ఆమ్లగుణం కలది. తినేసోడా ఆ గుణాన్ని చెడగొడుతుంది. తాజా కలబంద గుజ్జు, పాలు, పెరుగు, పండ్ల రసాలు క్రీములో చేరితే సూక్ష్మజీవులకు విందు చేసినట్లే. కలబంద గుజ్జులో నూటికి 98 పాళ్లు నీరేనన్న సంగతి మరువరాదు. విటమిన్ ఇ గుళికను చిదిమి కలిపితే క్రీము చెడిపోదని పలువురు నమ్ముతారు. అది నూనె పాతబడటాన్ని ఆలస్యం చేస్తుందే కాని, సూక్ష్మజీవులను ఆపలేదు. సువాసన తైలాలు, పసుపు, ఆ మాటకొస్తే నువ్వుల నూనె కూడా కొందరికి పడకపోవచ్చు. కనుక కొత్తగా చేసిన ఏ లేపనాన్నయినా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు గమనించాలి. దురద, ఎర్రదనం కనిపిస్తే వాడరాదు.

సీసాలో వేళ్లు ముంచరాదు. శుభ్రమైన పొడి చెంచాతో తీసుకోవాలి. రంగు మారినా, మచ్చలు కనిపించినా, పాత నూనె వాసన వచ్చినా నిస్సంకోచంగా పారవేయాలి. అయితే చెడిన ప్రతి క్రీమూ వాసనతో హెచ్చరించదు. అందువల్ల సీసాపై తయారుచేసిన తేదీ రాసి ఉంచడం అవసరం. గాయాలపైన, పుండ్లపైన, పసికందుల ఒంటిపైన ఇంటి క్రీమును వైద్యుల అనుమతి లేకుండా రాయరాదు.

మూత పెట్టవలసింది నీరున్న పాత్రకే. అందుచేత ఏ లేపనమైనా స్నానానంతరం తువ్వాలుతో ఒత్తుకొని, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాలలోగా రాసుకోవాలి. మడమల పగుళ్లకు రాత్రివేళ అనుకూలమైనది. పాదాలను గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు నానబెట్టి, తుడిచి, లేపనం పట్టించి నూలు మేజోళ్లు తొడుక్కొంటే గట్టిపడిన చర్మం కొద్ది రోజులలోనే మెత్తబడుతుంది. రక్తం చిమ్మేంత లోతైన పగుళ్లకు, మధుమేహం ఉన్నవారి పాదాలకు మాత్రం ఇది చాలదు. వెంటనే వైద్యునికి చూపించాలి.