సీసాలో పేరుకున్నదంతా కొబ్బరి నూనేనా?

చలికాలం పొద్దున సీసా తెల్లగా పేరుకుంటే అసలు సరుకేనని అనుకునేవాళ్లు అమలాపురం, రాజోలు, కొత్తపేట పల్లెల్లో చాలామంది ఉన్నారు. ఆయిల్‌పామ్ గింజ పప్పు నుంచి తీసే నూనె కూడా ఇంచుమించు అదే చలికి పేరుకుంటుంది. రెండూ కలిపితే కంటికి ఏమీ ఆనదు.

ఇప్పుడు కొబ్బరి నూనెను వంటకే కాదు, ఆరోగ్యం కోసమని పరగడుపునే చెంచాలతో తాగుతున్నారు. అందులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. గుండెకు మంచిది కాదు, వాడొద్దని 2017లోనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది. అయినా ఫోన్లలో షుగరుకీ, మతిమరుపుకీ ఇదే మందని ప్రచారం తిరుగుతూనే ఉంది.

చట్టం ఆ మాటలను బాగానే పట్టించుకుంది. 2018 జనవరి నుంచి అమలైన నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంట్ మీద ‘మందుగా వాడేందుకు కాదు’ అని రాయాలి. జబ్బు నయమవుతుందని చెప్పకూడదు. ‘సహజ’ అన్న మాటను ఎక్కడ వాడాలో కూడా హద్దులున్నాయి.

మరి లోపలి నూనె సంగతి? నూనెలో అసంతృప్త కొవ్వు ఎంతుందో చెప్పే అంకె అయోడిన్ విలువ. కొబ్బరి నూనెకి అది 7.5 నుంచి 10 మధ్య ఉండాలన్నది ప్రమాణం. పామ్ పప్పు నూనెకి అది మామూలుగా 14 దాటుతుంది. 8 ఉన్న కొబ్బరి నూనెలో 17 ఉన్న పామ్ పప్పు నూనె పదో వంతు కలిపారనుకోండి. లెక్క 8.9 దగ్గర ఆగుతుంది, పరీక్ష పాసైపోతుంది! ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోకుండా కొవ్వు ఆమ్లాలను విడివిడిగా కొలవాలి.

నాకు ఇంతకన్నా బెంగ కలిగించేది కొబ్బరి ఎండబెట్టే చోటు. ముసురు పట్టి చిప్పల్లో తేమ ఆరు, ఏడు శాతానికి దిగకపోతే బూజు పడుతుంది. కొన్ని రకాల బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. శుద్ధి చేసే కర్మాగారంలో అది చాలావరకు పోతుంది. శుద్ధి చేయని గానుగ నూనెలో దాన్ని తీసేసే దశే లేదు. అంటే సహజమని గర్వంగా అమ్మే నూనెకే ఎండు కొబ్బరి మరింత శుభ్రంగా ఉండాలి. తనిఖీ దుకాణంలోని సీసా దగ్గర మొదలైతే చాలా ఆలస్యమైనట్టే. అంబాజీపేట మార్కెట్‌కు బస్తా వచ్చినప్పుడే తేమ చూడాలి, నమూనా తీయాలి. కొబ్బరి పరిశోధన కేంద్రం అదే ఊళ్లో ఉంది కాబట్టి ఇది అసాధ్యమైన కోరిక కాదు. బాగా ఆరబెట్టిన రైతుకు ఆ పరీక్ష చీటీ చూపించి ఎక్కువ ధర అడిగే వీలూ దొరుకుతుంది.

కొనేవాళ్ల చేతిలోనూ ఒక హక్కుంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పి, రుసుము కట్టి ఎవరైనా ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు చట్టానికి విరుద్ధంగా ఉందని తేలితే కట్టిన రుసుము వాపసు అడగవచ్చు.