తెల్ల ఫిల్లింగ్ ఆయువు పైపొరలోనే

సింగపూర్‌లో పన్ను పుచ్చిందని క్లినిక్‌కు వెళితే ఇప్పుడు ఎక్కువగా పెట్టేది పంటి రంగులో కలిసిపోయే రెజిన్ ఫిల్లింగే. బిల్లు డాలర్లలో ఉంటుంది కాబట్టి ‘ఎన్నేళ్లు ఉంటుంది డాక్టర్?’ అని అడగకుండా కుర్చీ దిగం. వాడిన రెజిన్ రకంతో పాటు, దాన్ని అతికించే ముందు పంటి పైపొరను ఎలా సిద్ధం చేశారు, అతికించాక రెజిన్ పైపొరను ఎలా ముగించారు అన్నవి కూడా దాని ఆయువును నిర్ణయిస్తాయి.

ఈ కథ 1955లో మొదలైంది. ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొద్ది సెకన్లు తడిపితే కంటికి కనిపించని గుంటలు పడి, రెజిన్ వాటిలోకి దిగి పట్టుకుంటుందని అమెరికా దంతవైద్యుడు మైఖేల్ బ్యూనోకోర్ చూపించారు. 1962లో రఫేల్ బోవెన్ పేటెంట్ పొందిన రెజిన్‌తో నేటి కాంపోజిట్‌కు దారి పడింది. అందులోని గాజు రేణువులకు సిలేన్ అనే పూత వేస్తారు. రేణువునూ రెజిన్‌నూ కలిపి ఉంచేది అదే. ఆ పట్టు సడలితే రేణువులు ఊడి, ఫిల్లింగ్ గరుకుగా మారి అరుగుతుంది.

నీలి వెలుతురుతో గట్టిపరిచేటప్పుడు ఒక చిక్కుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలిన పైపొర పూర్తిగా గట్టిపడదు, జిగటగా మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే త్వరగా అరుగుతుంది, పసుపూ కాఫీ రంగూ సులువుగా పట్టేస్తాయి. అందుకే గ్లిజరిన్ జెల్ పూసి మరోసారి వెలుతురు వేస్తారు, లేదా ఆ పొరను తీసేసి సన్నని డిస్కులతో వరుసగా నునుపు చేస్తారు. ‘అయిపోయింది కదా, ఇంకా ఏం రుద్దుతున్నారు’ అని మనం విసుక్కునే ఆ చివరి నిమిషాలే అసలు పని. పైన పల్చని ద్రవ రెజిన్ పూత వేసి సన్నని గీతలను పూడ్చే పద్ధతి కూడా ఉంది. అయితే బ్రష్ రాపిడికి ఆ పూతా అరిగిపోతుంది, శాశ్వతం కాదు.

నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్‌లో ఆడ్రియన్ యాప్, సహచరులు కాంపోజిట్ ముక్కలను సిట్రిక్ ఆమ్లం, ఆల్కహాల్, నూనె పదార్థాలకు బదులుగా వాడే హెప్టేన్ వంటి ద్రవాల్లో నానబెట్టి, పైపొరలో వచ్చే మార్పులను పరిశీలించారు. ఏ ద్రవం ఎంత ప్రభావం చూపుతుందన్నది రెజిన్ రకాన్ని బట్టి మారుతుంది. ఆవకాయ మానేయమని ఎవరూ చెప్పరు, చెప్పినా మనం వినం. తిన్నాక నోరు పుక్కిలిస్తే చాలు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగి పెరిగినవారు మాత్రం ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇక్కడి కుళాయి నీళ్లలోనూ ఫ్లోరైడ్ కలుపుతారు, కానీ పళ్లకు మేలు చేసే కొద్ది మోతాదులోనే. ఫ్లోరోసిస్ సోకిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. మామూలుగా వేసే సమయం చాలక రెజిన్ పట్టు తగ్గవచ్చు. సంగతి ముందే తెలిస్తే డాక్టరు ఆమ్లాన్ని మరికొంత సేపు ఉంచడమో, పైపొరను కాస్త అరగదీయడమో చేస్తారు. మచ్చలు కప్పుకోవడానికి ముందు పళ్లకు రెజిన్ వేయించుకునే యువతకు ఇది మరీ ముఖ్యం.

అంచు విరిగిన ప్రతిసారీ ఫిల్లింగ్ మొత్తం తీయించుకోనక్కర్లేదు. తీసిన ప్రతిసారీ మంచి పన్ను కూడా కొంత పోతుంది. కింద పుచ్చు లేకపోతే, పాత రెజిన్ పైభాగాన్ని సన్నని అల్యూమినా పొడి చిమ్మి గరుకు చేసి, సిలేన్, బాండింగ్ పూసి, విరిగిన చోట కొత్త రెజిన్ అతికించవచ్చు. ‘రిపేర్ కుదురుతుందా?’ అని అడగండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కట్టుడు పళ్లు వేరే రెజిన్‌తో, అంటే యాక్రిలిక్‌తో చేసినవి. టూత్‌పేస్ట్‌తో తోమితే వాటిపై గీతలు పడి, ఆ గీతల్లో ఫంగస్ చేరుతుంది. మరిగే నీళ్లలో వేస్తే వంకర పోతాయి. గిన్నెలు కడిగే సబ్బు చుక్క, మెత్తని బ్రష్ చాలు. రాత్రి తీసి చల్లని నీళ్లలో ఉంచమనండి.