ఉక్కు వలయం ఇంకొన్ని అంగుళాలు పెద్దదై ఉంటే

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ట్యాంకుల కథను తిరగరాయాలని ఉబలాటపడేవారు ముందుగా ఓ అద్భుత యంత్రాన్ని దింపుతారు. 1945 మేలో జర్మనీకి చేరినా యుద్ధంలో పాల్గొనే అవకాశం దక్కని సెంచూరియన్‌ను 1941లోనే ఎడారికి పంపేస్తారు. సరదాగానే ఉంటుంది గానీ అది చరిత్ర కాదు, మాయాబజారు. అప్పటి ఇంజినీర్లకూ కార్ఖానాలకూ చేతనైన మార్పునే అడగాలి. అలా అడిగితే నా ఓటు టరెట్ రింగుకే. ఫిరంగితో సహా చుట్టూ తిరిగే ఉక్కు గది టరెట్. అది కూర్చునే వలయం రింగు. ఎంత పెద్ద ఫిరంగి పడుతుందో, దాని వెనక ఎందరు మసలగలరో తేల్చేది ఆ వలయమే. కవచం మీద మరో పలక బిగించుకోవచ్చు. వలయం పెంచాలంటే మాత్రం ట్యాంకును మళ్లీ మొదటినుంచీ గీయాల్సిందే.

యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ ట్యాంకుల ప్రధాన ఆయుధం 40 మిల్లీమీటర్ల టూ పౌండర్. కవచాన్ని చీల్చడంలో 1939 నాటికి అది మంచి ఫిరంగే. కానీ దానికి పేలే గుండ్లు ట్యాంకులకు ఇవ్వలేదు. దూరాన పొంచి ఉన్న జర్మన్ ఫిరంగి దళాన్ని చెదరగొట్టాలంటే మెషిన్ గన్‌కు అందేంత దగ్గరికి వెళ్లాలి, ఈలోగా దెబ్బ తినాలి. 57 మిల్లీమీటర్ల సిక్స్ పౌండర్ రూపకల్పన 1938లోనే మొదలైంది. పెద్దది రాబోతోందని తెలిసీ, 1939లో ఆర్డరిచ్చిన క్రూసేడర్ ట్యాంకును చిన్నదాని కొలతకే కుట్టించారు. 1942లో సిక్స్ పౌండర్‌ను అందులో ఇరికిస్తే టరెట్‌లో ముగ్గురి చోటు ఇద్దరికి తగ్గింది. శత్రువును కనిపెట్టాల్సిన కమాండరే గుండ్లు కూడా ఎక్కించాల్సి వచ్చింది. ఇంకా పెద్దదైన 17 పౌండర్ వచ్చాకా ఇదే తంతు. అది తర్వాతి ట్యాంకు క్రామ్‌వెల్‌లో పట్టలేదు. క్రామ్‌వెల్‌ను సాగదీసి చేసిన చాలెంజర్లు దాదాపు 200కే ఆగిపోయాయి. చివరికి బ్రిటన్ మేటి ఫిరంగికి ఆశ్రయమిచ్చింది అమెరికా ట్యాంకు షెర్మన్. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

రైలు వ్యాగన్ల మీద వెళ్లాలి, సొరంగాల్లో పట్టాలి కాబట్టి ట్యాంకు ఇరుకుగానే ఉండాలి కదా అంటారు. నిజమే. అయితే షెర్మన్ క్రూసేడర్ కంటే వెడల్పేమీ కాదు, దాని రింగు మాత్రం 69 అంగుళాలు. షెర్మన్ పైభాగం ట్రాకుల మీదికి విస్తరించింది. క్రూసేడర్‌లో పక్క గోడల మధ్య దాచిన క్రిస్టీ రకం సస్పెన్షన్ స్ప్రింగులు ఉన్న వెడల్పునే తినేశాయి. మరి డన్‌కర్క్? ఫ్రాన్స్‌లో దాదాపు ఫిరంగులన్నీ వదిలేసి వచ్చిన 1940లో, 100 సిక్స్ పౌండర్లు కావాలా 600 టూ పౌండర్లు కావాలా అన్నదే ప్రశ్న. 600 కోరుకున్నవారిని తప్పుపట్టలేం. కానీ ఇక్కడ అడుగుతున్నది ఫిరంగి కాదు, చోటు. పెద్ద గదిలో చిన్న మంచం వేసుకోవచ్చు, చిన్న గదిలో పెద్ద మంచం పట్టదు.

అసలు గట్టి అభ్యంతరం బరువు. రింగు పెరిగితే టరెట్, దాంతో కవచం, దాంతో బరువు పెరుగుతాయి. క్రూసేడర్‌ను లాగింది మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల కోసం పుట్టిన లిబర్టీ ఇంజిన్. కాబట్టి వేగం కొంత వదులుకోవాల్సిందే, నేనైతే వదులుకుంటాను. పైగా సూపర్‌చార్జర్ తీసేసిన మెర్లిన్ ఇంజిన్, అంటే 600 అశ్వశక్తి మీటియర్, 1941లోనే పరీక్షల్లో పరుగెత్తింది. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలకు మెర్లిన్లు కావాలన్నది సరైన మాటే. కానీ విమానానికి పనికిరాదన్న భాగాలు మీటియర్‌కు పనికొచ్చాయి. అయినా అది క్రామ్‌వెల్‌లో కూర్చుని పోరులోకి దిగింది 1944లో, నార్మండీలో.

చోటు ఉంటే ఏమవుతుందో సెంచూరియనే చెబుతుంది. రైలు వెడల్పు నిబంధన సడలించి గీసిన ఆ ట్యాంకు 17 పౌండర్‌తో పుట్టింది, తర్వాత 20 పౌండర్‌నూ, ఆపై 105 మిల్లీమీటర్ల ఫిరంగినీ మోసింది. 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్‌లను ఎదుర్కొన్న భారత సెంచూరియన్లు పేల్చింది ఆ 20 పౌండర్లనే.