చైత్రంలో కొండ మడుగులకు చేపల ప్రయాణం



పరీక్షలు అయిపోతే మనమంతా ట్రంకు పెట్టెలు సర్దుకుని ఊళ్ళకి వెళ్ళిపోతాం. సెలవుల్లో ఏం చేస్తారని టీచరు అడిగితే "ఇంటి పని టీచర్" అంటాం. అది నిజమే. కానీ మన కొండల్లో చైత్రం నుంచి వానలు పడేదాకా ఇంకో మంచి పని ఉంది. అంబలి బుర్ర పట్టుకుని గెడ్డ వెంట పైకి నడవడం, మడుగుల్లో చేపలు పట్టడం, ఒక రాత్రి పోడు పాకలో పడుకుని మెల్లగా తిరిగి రావడం. మా అయ్య, మా అవ్వ, చిన్నాన్న వాళ్ళతో నేను చిన్నప్పటి నుంచి వెళ్తున్నాను. మా అయ్యకి చదువు రాదు. ఇందులో చాలా మాటలు ఆయన చెప్పినవే. కొన్ని మన సైన్సు పాఠంలోవి. రెండూ కలిపి రాస్తున్నాను.

ఈ కాలమే ఎందుకు?

వానాకాలంలో గెడ్డ నీళ్ళు ఎర్రగా, జోరుగా ఉంటాయి. చేపలు ఎక్కడున్నాయో కనపడవు, కాలు జారితే మనమే కొట్టుకుపోతాం. ఫాల్గుణం దాటాక గెడ్డ సన్నబడిపోతాది. ఊట ఉన్న చోట, పెద్ద బండల కింద మాత్రం మడుగులు మిగులుతాయి. చేపలన్నీ అక్కడికి చేరతాయి. నీళ్ళు కూడా అద్దంలా ఉంటాయి. దారి పొడుగునా మోదుగ పూలు, తెల్లారే సరికి రాలిన ఇప్ప పువ్వు చూసుకుంటూ నడవొచ్చు.

ఇంకో సంగతి. నీళ్ళు వేడెక్కితే అందులో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతాది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు ఉంటే, 30 డిగ్రీల నీళ్ళలో సుమారు ఏడున్నరే ఉంటాది. అందుకే ఎండ వేళ చేపలు లోతుకో, బండ నీడకో పోతాయి. నీళ్ళు పైనుంచి పడి నురగ వచ్చే చోటికి కూడా చేరతాయి, అక్కడ గాలి నీళ్ళలో కలుస్తాది కాబట్టి. మా అయ్యకి ప్రాణవాయువు అంటే తెలీదు. కానీ "పొద్దున్నే, సాయంత్రమే పట్టాలి, మధ్యాహ్నం పడుకోవాలి" అంటాడు. రెండూ ఒకటే.

మన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

మన అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో వచ్చింది. ఈ కొండల్లో పెద్ద నది మాచ్‌ఖండ్. మాడుగుల కొండల్లో పుట్టి, కింద సీలేరు అయి, శబరిలో కలుస్తాది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాది. మాచ్‌ఖండ్ మీద ఒడిశా సరిహద్దులో జోలాపుట్ జలాశయం ఉంది. దాని పూర్తి నీటిమట్టం సముద్రం కన్నా 2750 అడుగుల ఎత్తు. ఆ నీళ్ళతో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. అది కొండ మీది సరస్సు లాగే కనపడతాది. కానీ పిల్లలు అక్కడ నాటు పడవ ఎక్కి లోపలికి పోవద్దు. గాలి లేస్తే అలలు వస్తాయి. మనకి మోకాలి లోతు మడుగులే మంచివి.

ఏం పట్టుకెళ్ళాలి?

1. ఆనప బుర్రలో చోడి అంబలి. ఎండలో కూడా చల్లగా ఉంటాది, దాహానికీ ఆకలికీ అదే.
2. బియ్యం, ఉప్పు, పచ్చిమిరపకాయలు, చింతపండు, ఒక చిన్న దాక.
3. అగ్గిపెట్టె, చెమట పట్టకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి.
4. కత్తి, తాడు, టార్చిలైటు.
5. దుప్పటి, దోమతెర. గెడ్డ పక్కన దోమలు ఎక్కువ, మన దగ్గర మలేరియా ఉంది. దోమతెర బరువని వదిలెయ్యొద్దు.
6. గాలాలు, దారం, వెదురు బుట్ట.

పళ్ళేలు అక్కర్లేదు, అడ్డాకులు దారిలోనే దొరుకుతాయి. తాగే నీళ్ళు మాత్రం కాచుకోవాలి.

ఎలా నడవాలి, ఎక్కడ పడుకోవాలి?

తొందర పడకూడదు. అవ్వ నడిచినంత నడవాలి. ముందు పెద్దవాళ్ళు కర్రతో ఆకులు కొడుతూ నడిస్తే పాములు తప్పుకుంటాయి. ఇసుక మెత్తగా ఉందని గెడ్డలో పడుకోకూడదు. ఈ నెలల్లో సాయంత్రం ఉరుములతో వాన వస్తాది. మన దగ్గర చుక్క పడకపోయినా పై కొండలో పడితే నీళ్ళు ఒక్కసారి దిగుతాయి. తేట నీళ్ళు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా గిన్నెలు వదిలేసి గట్టెక్కాలి. ఉరిమేటప్పుడు ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు.

ఎలా పట్టాలి?

గాలం: జొన్నదంటు ముక్క బెండుకి, తడి మట్టిలో దొరికే ఎర్ర ఎరకి. జెల్లలు, పక్కెలు పడతాయి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే చాలా సలుపుతాది, దాన్ని ఊరికే పట్టుకోకండి.

బుట్ట: సన్నగా పారే చోట రాళ్ళు అడ్డంగా పేర్చి, ఒక్క సందు వదిలి, ఆ సందులో బుట్ట పెట్టాలి. బుట్ట మూతి నీళ్ళు వచ్చే వైపు ఉండాలి. సాయంత్రం పెట్టి తెల్లారి తియ్యాలి. తీశాక రాళ్ళు కూడా తీసెయ్యాలి. లేకపోతే వానకి చేపలు పైకి ఎక్కలేవు.

తోడడం: పక్కన చిన్న గుంటలుంటే నీళ్ళు తోడి చేత్తో పడతాం. మా అవ్వ ఇందులో అందరికన్నా గట్టిది. బండల సందులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదుపుతాది.

రాతిని అంటిపెట్టుకుని ఉండే చిన్న చేపల్ని చూశారా? దాని నోటి కింద గుండ్రని చక్రంలా ఉంటాది. దాంతో రాయిని పట్టుకుని జోరు నీళ్ళలో కూడా నిలబడతాది. రాయి మీది పాకుడు గీక్కుని తింటాది.

మందు ఎందుకు వద్దు?

పెద్దవాళ్ళు మంగకాయలు దంచి మడుగులో కలిపేవాళ్ళట. అందులో సబ్బులాగా నురగ వచ్చే పదార్థం ఉంటాది. అది మొప్పల్ని పాడుచేస్తే చేపకి ఊపిరి ఆడక పైకి తేలుతాది. ఇప్పుడు కొందరు బ్లీచింగ్ పౌడర్ పోస్తున్నారు. అది ఇంకా చెడ్డది. మొప్పలు కాలిపోతాయి. పెద్ద చేప, పిల్ల చేప, పీత, నీటి పురుగు ఏదీ మిగలదు.

మా ఊరి పైన మడుగులో రెండేళ్ళ కిందట ఎవరో రాత్రి పోసి వెళ్ళారు. పొద్దున్న నీళ్ళు ఘాటు వాసన. మేం తాగేది ఆ గెడ్డ నీళ్ళే. రెండు రోజులు అమ్మ, నేను అవతలి కొండ ఊటకి పోయి బిందెలతో మోసుకొచ్చాం. ఆవులు కూడా మూతి పెట్టి వెనక్కి తిరిగిపోయాయి. గోరంత పిల్లలు తెల్లగా ఒడ్డున పడి ఉన్నాయి. అవి పెరిగి ఉంటే ఎన్ని ఇళ్ళకి కూరయ్యేదో. ఆ యేడు మేం బుట్ట పెట్టినా పీతలు కూడా పడలేదు.

ఏం వదలాలి?

తర్వాత ఊళ్ళో కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారు. అన్నిటికన్నా పైన ఉన్న ఊట మడుగులో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఎందుకంటే కిందివి ఎండిపోయినా అది ఎండదు. తొలకరికి గెడ్డ పారితే అందులో మిగిలిన చేపలు గుడ్లు పెడతాయి, పిల్లలు కింది మడుగులకి దిగుతాయి. పోయిన యేడు కింద మడుగుల్లో మళ్ళీ చిన్న పక్కెలు కనపడ్డాయి. ముందంత లేవు, కానీ ఉన్నాయి.

ఇది కొత్త సంగతేం కాదు. హుకుంపేట మండలంలో మఠం దగ్గర మత్స్యగుండం ఉంది. అక్కడ చేపల్ని దేవుడిగా చూస్తారు, ఎవరూ పట్టరు. శివరాత్రికి జనం వచ్చి మేత వేస్తారు, పెద్ద పెద్ద చేపలు గుంపుగా వస్తాయి. భక్తితో వదిలినా, బుద్ధితో వదిలినా చేప బతుకుతాది.

కాబట్టి గుర్తు పెట్టుకోండి:

1. కూరకి సరిపడా పట్టండి. ఎక్కువైతే ఉప్పు రాసి పొయ్యి మీద తడికెపై ఆరబెట్టుకోవచ్చు, పారెయ్యకండి.
2. వేలి కన్నా చిన్నవి, కడుపు నిండా గుడ్లున్నవి వదిలెయ్యండి.
3. ఒక్క మడుగైనా ముట్టకుండా వదలండి.
4. గాలం దారం, కవర్లు గెడ్డలో పడెయ్యకండి.

ఆడపిల్లలు వెళ్ళొచ్చా అని ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు అడిగారు. వేటకి మగవాళ్ళే పోయేవాళ్ళు, అదీ 1972 చట్టం వచ్చాక అడవి జంతువుల్ని వేటాడకూడదు. చేపల బుట్ట మాత్రం మా ఊళ్ళో ఆడవాళ్ళదే. పెద్దవాళ్ళతో కలిసి తప్పకుండా వెళ్ళండి.

చివరిగా ఒక కోరిక. సెలవుల నుంచి వచ్చేటప్పుడు మీ ఊరి గెడ్డలో ఉండే చేపల పేర్లు అవ్వని, తాతని అడిగి మీ భాషలోనే రాసుకురండి. ఇప్పుడు దొరకనివి కూడా రాయండి. అన్నీ కలిపి వచ్చే సంచికలో ఈ గోడ మీదే పెడదాం.

ఇట్లు,
మీ అక్క, తొమ్మిదో తరగతి